కిటికీ వైపు వాలిన బల్ల

శనివారం పొద్దున్నే వచ్చిన ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. చేతిసంచిని ఎవరో లాక్కుపోతారన్నట్టు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. మంచినీళ్ళిస్తే గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. చాలాసేపు నీళ్ళు నమిలాక అసలు సంగతి బయటపెట్టింది.

"మా ఇంట్లో పూల్ టేబుల్ కాళ్ళు ఎవరో తిప్పేస్తున్నారండీ."

ప్రూఫు నవ్వబోయి, పిన్నిగారి ముఖం చూసి ఆపుకున్నాడు. అతను ఒకప్పుడు పత్రికాఫీసులో ప్రూఫులు చూసి అచ్చుతప్పులు దిద్దేవాడు. ఆ ఉద్యోగం పోయింది, పేరు మాత్రం ఒంటికి అంటుకుపోయింది. ఇప్పుడు పిన్నిగారి దగ్గర సహాయకుడు. పిన్నిగారు నిజానికి ఎవరికీ పిన్ని కాదు. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ జుట్టు నెరిపించుకుని, ఆనక సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి. చూడటానికి పక్కింటి పిన్నిలా ఉంటారు కాబట్టి ఎంతటివాళ్ళైనా ఆవిడ ముందు ఇట్టే నోరు జారతారు. ప్రూఫుకి ఆవిడంటే గురి. ఆవిడ చెప్పకముందే దోషిని పట్టేయాలని ప్రతి కేసులోనూ తహతహలాడతాడు, ప్రతిసారీ తప్పులో కాలేస్తాడు.

వచ్చినావిడ కంటి డాక్టరు గారి భార్య. ఆ డాక్టరు చెయ్యి పడితే పోయిన చూపు తిరిగొస్తుందని ఊరంతా చెప్పుకునేవారు. కారు ప్రమాదంలో కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ నరం దెబ్బతింది. నెలల తరబడి ఆపరేషన్లు లేక, ఇంట్లో కూర్చోలేక, ఆయన తిండి తగ్గించేశారు. మనిషి సగమైపోయారు. చివరికి ఆయనే ఒక పరీక్ష పెట్టుకున్నారు. చదువుకునే రోజుల్లో ఆయన పూల్ బాగా ఆడేవారు. తెల్లబంతిని బల్ల నడిమీదుగా అవతలి అంచుకి కొడితే, అది తిరిగొచ్చి, కొట్టిన క్యూ కర్ర మొనకే తగలాలి. చెయ్యి వెంట్రుకవాసి పక్కకి లాగినా బంతి దారి తప్పుతుంది. అది వరసగా చెయ్యగలిగిన రోజున మళ్ళీ కత్తి పడతానన్నారు.

అందుకని ఇంటికి పాత బల్ల ఒకటి కొన్నారు. ఊళ్ళో మూతపడిన ఒక క్లబ్బులో బల్లలు అమ్మకానికి పెడితే డాక్టరు, కూతురు వెళ్ళి ఎంచుకుని వచ్చారు. బల్లలు బాగుచేసే మిస్త్రీ దాన్ని ఊడదీసి, తెచ్చి, ఇంట్లో బిగించాడు. మొదట్లో బంతి మాట వినలేదు. ఆయన ముఖం చూడలేక ఆవిడ ఆ గదిలోకి వెళ్ళడమే మానేసింది. కూతురే రోజూ పక్కన ఉండి బంతులు అందించేది. తర్వాత ఏం జరిగిందో ఏమో, చెయ్యి దారికొచ్చింది. ఆయన కడుపునిండా తినడం మొదలుపెట్టారు. ఆసుపత్రి సూపరింటెండెంటు ఒక సాయంత్రం టీకి వచ్చి, బంతి మళ్ళీ మళ్ళీ కర్ర మొనకే తిరిగి రావడం కళ్ళారా చూసి, సోమవారానికి ఆపరేషన్ పెట్టేశారు. పేషెంటు బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఆ ఒక్క కంటినీ ఈ డాక్టరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని ఇన్నాళ్ళూ ఆగింది.

"ఇంతలో ఎవరి కళ్ళు పడ్డాయో!" అంది డాక్టరు భార్య. "మంగళవారం బల్ల మీది గుడ్డ వదులైందని మిస్త్రీని పిలిపించాం. బుడగ ఉండే రసమట్టం పెట్టి చూసి, బల్ల ఒక పక్కకి వాలింది, గోడ వైపు కాళ్ళ మరలు ఎవరో తిప్పారన్నాడు. సరిచేసి వెళ్ళాడు. ఆ సాయంత్రం మావారికి ఒక్క బంతీ తిరిగి రాలేదు. శుక్రవారం అనుమానమొచ్చి మళ్ళీ పిలిస్తే, మళ్ళీ వాలే ఉంది. మళ్ళీ సరిచేశాడు. సాయంత్రం మళ్ళీ అదే కథ. ఆయన కర్ర విసిరికొట్టారు."

ఒక్కమాట కూడా రాసుకోకుండా వింటున్న పిన్నిగారు అడిగారు. "మిస్త్రీ సరిచేసింది పొద్దున. డాక్టరు గారి బంతి దారి తప్పింది సాయంత్రం. అంతేనా?"

"అంతే. అంటే ఈలోగా ఎవరో పెరటి తలుపున వచ్చి మళ్ళీ తిప్పేశారన్నమాట." ఆవిడ గొంతు తగ్గించింది. "ఎవరోనని ఎందుకు దాచాలి? మావారి కింద పనిచేసే చిన్న డాక్టరు. మా ఇంట్లో కొడుకులా తిరిగాడు. మావారు లేవకపోతే ఆ కుర్చీ అతనిది. సూపరింటెండెంటుకి నిన్ననే చెప్పేశాను. అతన్ని సంజాయిషీ అడిగారట. రుజువు దొరికితే ఉద్యోగమే ఉండదు. మీరా రుజువు తేవాలి. సోమవారంలోపు."

ఆవిడ వెళ్ళాక ప్రూఫు, ఇందులో వెతకడానికేముంది పిన్నిగారూ, లాభం ఎవరికో వాడే కదా అన్నాడు. పిన్నిగారు చెప్పుల కోసం చూస్తూ, లాభం ఎవరికో నీకంత తొందరగా ఎలా తెలిసిపోయింది నాయనా అన్నారు.

డాక్టరు గారింట్లో ఆ బల్లకి వెనక గది ఇచ్చారు. ఒక పక్క గోడ, ఎదురుగా పెద్ద కిటికీ, మధ్యలో బల్ల. పచ్చగుడ్డ వెలిసిపోయి ఉంది. అంచుల్లో రబ్బరు కూడా పాతదే, వేలితో నొక్కితే ఉత్సాహం లేనట్టు లోపలికి పోయింది. పిన్నిగారు పాత పేపరు అడిగి తీసుకున్నారు. దాన్ని గాడిలా మడిచి, ఒక కొస కింద పుస్తకం పెట్టి, గాడిలోంచి బంతిని వదిలారు. మనిషి చెయ్యి తగలని బంతి అది. తిన్నగా కొంతదూరం వెళ్ళి, మెల్లగా కిటికీ వైపు తిరిగింది.

"మళ్ళీ వాల్చేశారు" అంది డాక్టరు భార్య. నిన్న పొద్దున్నే కదా సరిచేశాడు అని గొణుక్కుంది.

అలికిడికి డాక్టరు వచ్చారు. పొడుగాటి మనిషి, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. భార్య డిటెక్టివులని పిలిపించిందంటే ఆయనకి చిన్నతనంగా అనిపించినట్టుంది. అయినా మర్యాద తప్పలేదు. పిన్నిగారు ఆ పరీక్ష ఒకసారి చూడాలని ఉందన్నారు. ఆయన కర్ర మొనకి సుద్ద రాసి, వంగి, కొట్టారు. బంతి అవతలి అంచుకి తగిలి, తిరిగొచ్చి, కర్ర మొనని ముద్దుపెట్టుకున్నట్టు తాకి ఆగింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే. ఆయన ముఖంలో వెలుగొచ్చింది.

"ఇవాళ బాగుంది. నిన్నటిది ఏదో దిష్టి" అన్నారాయన.

తండ్రి వెనకే వచ్చిన కూతురు కళ్ళు తుడుచుకుంది. ఇరవై దాటిన పిల్ల, నిద్ర లేక కళ్ళ కింద నల్లబడి ఉన్నాయి. ప్రూఫుకి జాలేసింది. తండ్రి గెలుపు తన గెలుపులా మురిసిపోయే పిల్లలు ఈ కాలంలో ఎక్కడున్నారని మనసులో మెచ్చుకున్నాడు కూడా.

డాక్టరు లోపలికి వెళ్ళాక పిన్నిగారు ఆ పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి మాటల్లోకి దింపారు. బల్ల సంగతులు నాకేం తెలియవన్నదా పిల్ల. కాళ్ళకి మరలుంటాయన్న సంగతి కూడా మొన్న మిస్త్రీ చెబితేనే తెలిసిందట. అమ్మ ఊరికే మిస్త్రీని పిలుస్తోందనీ, గుచ్చి గుచ్చి చూస్తే ఏ బల్లలోనైనా లోపం కనిపిస్తుందనీ విసుక్కుంది. చిన్న డాక్టరు మాట ఎత్తితే మాత్రం గాజులు తిప్పుకుంటూ కూర్చుంది.

"అతనే చేశాడంటావా అమ్మా?"

"నాకు తెలీదండీ" అని లేచి వెళ్ళిపోయింది.

మిస్త్రీ రిపేరు కొట్టు రెండు వీధుల అవతల ఉంది. క్యూ కర్రలకి మొనలు అతికిస్తున్న అతను, పిన్నిగారిని చూసి స్టూలు జరిపాడు. తన పనిలో లోపం ఉందని డాక్టరు గారి భార్య అనుకుంటోందేమోనని అతనికి బెంగ. ఆ బల్ల తెచ్చి బిగించిన రోజున రసమట్టంలో బుడగ అటూ ఇటూ కదలకుండా నిలబెట్టి వెళ్ళానని ఒట్టేశాడు. కాలి కింద మర స్పానరుంటే ఎవరైనా తిప్పొచ్చట.

"రెండుసార్లూ వాలు ఒకేలా ఉందా?" అని అడిగారు పిన్నిగారు.

మిస్త్రీ ఆలోచించాడు. "లేదమ్మగారూ. రెండోసారి కొంచెం తక్కువ. గోడ వైపే లేపారు రెండుసార్లూ. కానీ రెండోసారి అంతగా లేపలేదు."

"ఈ మరలు తిప్పడం ఆ ఇంట్లో ఎవరికైనా తెలుసా?"

"అమ్మాయిగారికి తెలుసు కదా. నేను బిగిస్తుంటే పక్కనే కూర్చుని, ఎటు తిప్పితే లేస్తుంది, ఎటు తిప్పితే దిగుతుందని అడిగి అడిగి చూశారు. తెలివైన పిల్లండీ."

ప్రూఫు ఉలిక్కిపడ్డాడు. కానీ తండ్రిని కన్నతల్లిలా చూసుకునే పిల్ల ఆయన్ని ఎందుకు ఓడిస్తుంది? చిన్న డాక్టరూ, ఈ పిల్లా ఒకరినొకరు ఇష్టపడ్డారేమో, అతని కోసం చేసిందేమోనని దారిలో ఒక కథ అల్లాడు. కథ బాగుంది, పత్రికకి పంపు అన్నారు పిన్నిగారు.

చిన్న డాక్టరు ఆసుపత్రి వెనక క్వార్టర్సులో ఒంటరిగా ఉంటున్నాడు. వీళ్ళు ఎవరో తెలియగానే ముఖం మాడ్చుకున్నాడు. సంజాయిషీ రాస్తున్న కాగితాలు నలిపి నేల మీద పడేసి ఉన్నాయి.

"మంగళవారం నుంచి శుక్రవారం దాకా నేను ఊళ్ళో లేను" అన్నాడు. "కంటి శిబిరానికి పోయాను. నాతో పాటు నర్సులున్నారు, డ్రైవరున్నాడు. ఆ మాట సూపరింటెండెంటుకి చెప్తే, అంతకుముందు తిప్పి ఉండొచ్చు కదా అన్నారు. ఇంక ఏం చెప్పమంటారు?"

"మరి శుక్రవారం పొద్దున వాలిన బల్లని ఎవరు వాల్చారట?"

"అది సూపరింటెండెంటునే అడగండి."

"మీరు ఆ బల్ల మీద ఆడేవారా?"

"ఆదివారాలు ఆడేవాణ్ణి. ఎప్పుడూ గెలవలేదు." అతను నలిపిన కాగితం ఒకటి తీసి సాపు చేశాడు. "మామూలుగా నేను బాగానే ఆడతాను. ఆ బల్ల మీద మాత్రం తిన్నగా కొట్టిన బంతి నాకు పక్కకి పోయేది. సార్‌కి పోయేది కాదు. మొదట్లో బల్లలో ఏదో ఉందనుకున్నాను. మరి సార్‌కి పోవట్లేదు కదా అని నోరు మూసుకున్నాను. ఓడిపోయినవాడు బల్లని తిడుతున్నాడంటారు."

"సార్ చెయ్యి బాగయిందనుకున్నారా?"

అతను కలానికి మూత పెట్టాడు. "బాగవాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నవాణ్ణి నేను. ఆ చేతి దగ్గరే పని నేర్చుకున్నాను" అన్నాడు.

బయటికొచ్చాక ప్రూఫు తల గోక్కున్నాడు. అతను అనుమానించిన ఇద్దరూ చేతుల్లోంచి జారిపోతున్నారు. పిన్నిగారి ముఖంలో మాత్రం సంతోషం లేదు. కేసు తెగుతున్నప్పుడు ఆవిడ నడక హుషారెక్కుతుంది. ఇవాళ కాళ్ళీడ్చుకుంటూ నడిచారు. ఇంకొక్క చోటు చూడాలి, నేను అనుకున్నది తప్పయితే బాగుండును అన్నారు.

మూతపడిన క్లబ్బులో మేనేజరు ఒక్కడే మిగిలాడు. మిగిలిన రెండు బల్లలూ చూపించాడు. ఒకటి నగిషీ కాళ్ళది, చూడటానికి రాజాలా ఉంటుంది గానీ గుడ్డ కింద ఉన్నది ఉత్త చెక్క. కొన్నాళ్ళకి ఉబ్బి గుంటలు పడుతుంది. రెండోది హాల్లో ఉంది. గుడ్డ కింద రాతి పలక, అతుకుల దగ్గర చేత్తో రాసినా తెలియనంత నున్నగా ఉంది. రబ్బరు బిగువుగా ఉంది. బంతి వదిలితే గీసినట్టు వెళ్ళి గీసినట్టు వచ్చింది.

"ఇంత మంచి బల్ల వదిలేసి ఆ పాతదాన్ని ఎందుకు కొన్నారు?" అన్నాడు ప్రూఫు.

"అదే నాకూ అర్థం కాలేదండీ" అన్నాడు మేనేజరు. డాక్టరు గారు పాత బల్ల కొనడం తెలిసిన మనిషేనట. పలకకి చీలికలున్నాయేమోనని టార్చి వేసి కిందనుంచి చూశారు, రబ్బరు నొక్కి చూశారు, హాల్లో ఉన్న ఈ బల్లే కొనాలని కూతురికి వివరించారు కూడా. ఆ తర్వాత కర్ర పట్టుకుని ఈ బల్ల మీద నాలుగైదు బంతులు కొట్టారు. ఒక్కటీ తిరిగి రాలేదు. మాటా పలుకూ లేకుండా కర్ర కింద పెట్టేసి, వరండాలో పడి ఉన్న మూడో బల్ల దగ్గరికి పోయి కొట్టారు. బంతి తిరిగొచ్చి కర్రకి తగిలింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు. ఇదే కావాలన్నారు. హాల్లోది కూడా అదే ధరకిస్తానన్నా వినలేదు. అమ్మాయి కూడా అంతే, నాన్న నవ్వారు చాలు, అదే ఇచ్చెయ్యండి అందట.

వరండా అద్దాల తలుపుల అవతల తోట ఉంది. పిన్నిగారు మేనేజరుని బిందెడు నీళ్ళు అడిగి, బల్ల ఉన్న చోట కుమ్మరించారు. నీళ్ళు ఒక్క క్షణం ఆగి, తోట వైపు దారి తీశాయి. వాన నీళ్ళు పోవడానికి వాలుగా కట్టిన నేల అది. డాక్టరు గారు నిలబడి కొట్టిన చోటికి తోట ఏ పక్క ఉండేదని పిన్నిగారు అడిగితే, కుడిపక్క అన్నాడు మేనేజరు. డాక్టరు గారింట్లో కిటికీ కూడా కుడిపక్కే.

ఆదివారం మధ్యాహ్నం బల్ల గదిలో అందరూ చేరారు. చిన్న డాక్టరుని గుమ్మంలో చూడగానే డాక్టరు భార్య ఒంటికాలి మీద లేచింది. పిన్నిగారు ఆవిడని కూర్చోమన్నారు. డాక్టరు క్యూ కర్ర పట్టుకుని నిలబడ్డారు. కూతురు ఆయన పక్కనే. మిస్త్రీ రసమట్టం పట్టుకుని మూలన నిలబడ్డాడు.

"ముందుగా ఒక మాట" అన్నారు పిన్నిగారు. "చిన్న డాక్టరు గారు శిబిరంలో ఉన్న రోజుల్లో కూడా ఈ బల్ల వాలింది. ఆయన చెయ్యలేదు. ఆయన మీద మోపిన నింద ఇవాళే వెనక్కి తీసుకోవాలి."

ఆ తర్వాత డాక్టరుని ఆడమన్నారు. ఆయన కొట్టారు, బంతి తిరిగొచ్చింది. చిన్న డాక్టరుని కూడా కొట్టమన్నారు. అతని బంతి కిటికీ వైపు పోయింది. మిస్త్రీని పిలిచి రసమట్టం పెట్టించారు. బుడగ గోడ వైపుకి జరిగిపోయి ఉంది. అందరూ చూస్తుండగానే అతను మరలు తిప్పి బుడగని మధ్యలో నిలబెట్టాడు. చిన్న డాక్టరు మళ్ళీ కొట్టాడు. బంతి తిన్నగా తిరిగొచ్చి అతని కర్రకి తగిలింది.

"ఇప్పుడు మీరు, డాక్టరు గారూ."

డాక్టరు వంగారు. చాలాసేపు గురి చూశారు. కొట్టిన బంతి గోడ వైపు తప్పుకుని, ఆయన కర్రకి జానెడు ఎడంగా వచ్చి ఆగింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ గోడ వైపే.

"ఇంట్లో అందరూ ఒకే పొరపాటు పడ్డారు" అన్నారు పిన్నిగారు. "బల్ల వాలిందంటే డాక్టరు గారిని ఓడించడానికే అనుకున్నారు. మిస్త్రీ పొద్దున సరిచేస్తే సాయంత్రం ఆయన ఓడిపోయారు. ఈలోగా ఎవరో తిప్పి ఉంటారని అమ్మగారు అనుకున్నారు. ఎవరూ తిప్పలేదు. బల్ల సరిగ్గా ఉండబట్టే ఓడిపోయారు. ఆయన చెయ్యి ఇంకా గోడ వైపు లాగుతోంది. ఆ లాగుడికి సరిపడా ఎవరో బల్లని కిటికీ వైపు వాల్చారు. రెండు వంకరలూ కలిసి తిన్నగా కనబడ్డాయి."

డాక్టరు భార్య చిన్న డాక్టరు వైపు చూసి చూపు దించేసుకుంది.

"ఇది పగవాడి పని కాదు" అన్నారు పిన్నిగారు, ఎవరి వైపూ చూడకుండా. "పగవాడైతే ఇష్టమొచ్చినట్టు తిప్పేవాడు. ఇది కొలిచి తిప్పిన చెయ్యి. మొదటిసారి కన్నా రెండోసారి తక్కువ తిప్పింది. రోజూ ఈ పక్కన నిలబడి, ఏ బంతి ఎంత తప్పుతోందో చూసినవాళ్ళకే అది తెలుస్తుంది. మరలు తిప్పడం తెలిసి కూడా తెలియదని చెప్పాల్సిన అవసరం ఆ తిప్పినవాళ్ళకే ఉంటుంది."

"నేనే" అంది కూతురు.

ఎవరూ అడక్కుండానే ఆ పిల్ల చెప్పుకుపోయింది. బల్ల తెచ్చిన కొత్తలో నాన్న ఓడిపోయి ఓడిపోయి, ఒకరోజు ఇంక నేనెందుకు బతికుండటం అన్నారట. ఆ మాట అమ్మకి చెప్పే ధైర్యం రాలేదు. క్లబ్బులో ఈ బల్ల దగ్గర ఆయన నవ్వడం గుర్తొచ్చింది. అక్కడి నేల వాలుగా ఉండటం ఆమె అప్పుడే గమనించింది. కొంచెం తిప్పి చూసింది. మర్నాడు ఆయన అడిగి భోజనం పెట్టించుకున్నారు.

"చెయ్యి ఎలాగూ బాగవుతుంది కదా అనుకున్నాను" అంది. "కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పేద్దామనుకున్నాను. ఏదో ఒకరోజు బల్లా, చెయ్యీ రెండూ తిన్నగా అయిపోతాయి, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను. ఈలోగా సూపరింటెండెంటు అంకుల్ వచ్చేశారు."

"మరి నా పేరు చెబుతుంటే ఎందుకు ఊరుకున్నారు?" అన్నాడు చిన్న డాక్టరు. కోపంగా అనలేదు. అందుకే ఆ ప్రశ్న ప్రూఫుకి ఇంకా గట్టిగా తగిలింది.

ఆ పిల్ల తలెత్తలేదు. "మీరు ఎలాగైనా బయటపడతారు అనుకున్నాను. నాన్న పడలేరు అనుకున్నాను."

తల్లి కుర్చీలోంచి లేచి కూతురి దాకా వచ్చి, కొట్టడానికి ఎత్తిన చేతిని అలాగే దించేసుకుంది. ఈ రుజువు కోసమేనా మిమ్మల్ని పిలిచాను అన్నట్టు పిన్నిగారి వైపు చూసింది.

డాక్టరు కర్రని గోడకి ఆనించి కూతురి ఎదురుగా నిలబడ్డారు.

"రేపు నా కత్తి కింద పడుకునే మనిషికి ఒక్క కన్నే ఉందని నీకు తెలుసు కదా?"

"తెలుసు నాన్నా. రేపటిలోపు చెప్పేద్దామని రోజూ అనుకుంటూనే ఉన్నాను."

"చెప్పలేదు."

"చెప్పలేదు."

ఆ పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది. డాక్టరు కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. అది ఉంటేనే బాగుండేదనిపించింది ప్రూఫుకి.

"నాకు తెలియదనుకున్నావా అమ్మా?" అన్నారు. "పొద్దున చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడే చెయ్యి ఇది. బంతి తిరిగొచ్చిందని నమ్మాను. గుండీ సంగతి పక్కన పెట్టేశాను. ఆ హాల్లో ఉన్న బల్ల మంచిదని నాకు తెలుసు. అది నిజం చెబుతోందని కూడా తెలుసు. అందుకే దాన్ని వద్దన్నాను. ఈ బల్లని ఎంచుకున్నది నేను. నువ్వు దాన్ని నేను ఎంచుకున్నట్టే ఉంచావు, అంతే."

కూతురు ఆయన్ని పట్టుకోబోయింది. ఆయన దగ్గరికి రానివ్వలేదు, తోసెయ్యనూ లేదు. చిన్న డాక్టరు వైపు తిరిగి, ఆ పేషెంటుకి మత్తు సూది అంటే భయమనీ, ముందు కాసేపు ఆవిడ కుట్టే బట్టల గురించి అడగమనీ, కంటిలో ఎడమ వైపు పొర పలచన కాబట్టి అక్కడ తొందరపడొద్దనీ చెప్పుకుపోయారు. అతను తల ఊపుతూనే ఉన్నాడు. వినపడుతోందో లేదో గానీ కళ్ళనిండా నీళ్ళున్నాయి.

తర్వాత డాక్టరు హాల్లోకి వెళ్ళి ఫోను అందుకున్నారు. కుడి వేలు ఒక అంకెకి బదులు పక్క అంకె మీద పడింది. పెట్టేసి, ఎడంచేత్తో మళ్ళీ చేశారు. గదిలో ఉన్నవాళ్ళందరికీ ఆయన మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ముందు చిన్న డాక్టరు తప్పేమీ లేదని, ఆ సంజాయిషీ కాగితం చింపెయ్యమని సూపరింటెండెంటుకి చెప్పారు. రేపటి ఆపరేషన్ అతనే చేస్తాడన్నారు.

అవతల ఏదో అడిగినట్టున్నారు.

"లేదండీ, రేపు ఒక్కటే కాదు" అన్నారు. "ఇంక చెయ్యను."

వెనక గదిలో భార్య కూతురి పక్కన నేల మీదే కూలబడింది. పిన్నిగారు ప్రూఫు భుజం తట్టి, పెరటి తలుపు వైపు నడిచారు.